నాలుగు వరసల కుట్టు

ఆ చలికాలమంతా నేను కోపంగానే ఉన్నాను. ఎవరి మీద అంటే ఒక్కరి మీద కాదు. మేడ మీద డబ్బాల్లోని మట్టి మీద, విత్తనాలు అమ్మిన నర్సరీ పెద్దాయన మీద, బేకరీలో పనిచేసే మా ఆయన మీద, ఒంటికి పడని కొత్త సబ్బు మీద. అన్నిటికంటే ఎక్కువగా ఆసుపత్రిలో బరువు తూచే మిషను మీద. పదిహేను రోజులకోసారి చొప్పున మూడుసార్లు ఎక్కాను దాన్ని. మూడుసార్లూ తొంభై నాలుగే చూపించింది. దానికి వేరే అంకె వస్తుందో రాదో చూద్దామని నా చేతిసంచి ఒక్కదాన్నే పెట్టి చూశాను. రెండు కిలోలని ఠక్కున చెప్పింది. మిషను బాగానే ఉంది.

అంతకు ఐదు నెలల ముందు నా కడుపుసంచిలో ముప్పాతిక వంతు కోసి తీసేశారు. అప్పటికి నేను నూట పద్దెనిమిది కిలోలు. కుట్టుపని నాది. మిషను ముందు కూర్చుంటే తొక్కే పాదాలు నాకు కనపడేవి కావు. టేబులు దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తే పావుగంటకే మోకాళ్ళు మొండికేసేవి. షుగరు మాత్రలు ఒకటి నుంచి నాలుగయ్యాయి. ఆపరేషను తర్వాత మూడు నెలల్లో ఇరవై నాలుగు కిలోలు తగ్గాను, నా పాదాలు నాకు కనపడ్డాయి. ఆ తర్వాత కిలోలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కోయడం మా వంతు, నిలబెట్టుకోవడం మీ వంతు అని డాక్టరు ముందే చెప్పాడు. మళ్ళీ లావెక్కితే కోయించుకోవడానికి నా దగ్గర ఇక మిగిలింది అరచేతంత. అదీ నా భయం. దాన్ని భయమని ఒప్పుకోవడం చేతకాక, కోపం చేసి ఇంటిల్లిపాదికీ పంచాను.

ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయికి నేను పెట్టుకున్న పేరు గ్రాముల పిల్ల. ఏదడిగినా గ్రాముల్లోనే చెబుతుంది. ఏం తింటున్నారని అడిగింది. గుడ్డు, పప్పు, పెరుగు, ఉడికించిన కూరలు అన్నాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అది రాసుకుని, పెన్ను బుగ్గకు ఆనించి ఆలోచించింది.

“ఆంటీ, ఇంట్లోనే నాలుగు కూరగాయలు పెంచండి. చేత్తో పెంచినదాన్ని పారేయబుద్ధి కాదు. తినాలనిపించకపోయినా తింటారు.”

ఏ తిండి తినాలో చెప్పడానికి వచ్చిన పిల్ల నాకు తోటపని అప్పజెప్పిందని దారిపొడవునా సణుక్కున్నాను. కానీ ఇల్లు చేరేసరికి ఆశ పుట్టింది. తప్పంతా కూరగాయల్లోనే ఉందేమో. బజారు సరుకు వాడిపోయి, పీచుపట్టి ఉంటుంది. ఇంట్లో లేత ఆకు, లేత కాయ పండిస్తే నా బుల్లి కడుపు మాట వింటుందేమో.

మా ఆయనకు చెబితే బేకరీలో ఖాళీ అయిన నూనె డబ్బాలు పన్నెండు తెచ్చి, పైభాగం కోసి, అంచులు సుత్తితో మడిచి, అడుగున బెజ్జాలు కొట్టి ఇచ్చాడు. మంచి మనిషి. పనికి వంక పెట్టడు, మాటకి జవాబూ చెప్పడు. ఎంత అరిచినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. అరిచేవాళ్ళకి అంతకంటే నరకం ఉండదు.

విత్తనాలు చల్లేటప్పుడే అసలు తప్పు చేశాను. తప్పని అప్పుడు తెలియదు. మా అత్తగారు నాకు పని నేర్పిన రోజున మొదట చెప్పిన మాట ఒకటుంది. “కత్తిరించిన గుడ్డ అతకదు. వదిలిన గుడ్డ ఎప్పుడైనా తీసెయ్యొచ్చు.” ఇరవై రెండేళ్ళుగా ఆ మాట మీదే అన్నం తింటున్నాను. నా దగ్గర కుట్టించుకున్న గౌను లోపల పక్కకుట్టులో రెండువేళ్ళ గుడ్డ ఎప్పుడూ ఉంటుంది. పిల్ల ఎదిగినా, బాలింత ఒళ్ళు చేసినా కుట్టు విప్పి వదులు చేయొచ్చు. నాకు గిరాకీ వచ్చిందే దానివల్ల. అందుకని విత్తనాలూ అలాగే చల్లాను. నాలుగు వేయమన్న చోట నలభై. ఎన్ని మొలుస్తాయో ఎవరికి తెలుసు, ఉంటే మంచిదే కదా.

అన్నీ మొలిచాయి. క్యారెట్, ముల్లంగి, పాలకూర, టమాటా, ఏ డబ్బా చూసినా పచ్చటి తివాచీ పరిచినట్టు వచ్చాయి. ఆ వారం రోజులే నేను ఆ చలికాలంలో కాస్త నవ్వింది. దారిలో కనపడిన నర్సరీ పెద్దాయనకి గొప్పగా చెప్పాను కూడా. ఆయన అంతా విని, “ఒత్తు తీశారా అమ్మా?” అన్నాడు. ఒక్కో చోట ఒక్క మొక్క ఉంచి, చుట్టూ ఉన్నవి తీసేయాలట. ప్రాణంతో ఉన్న మొక్కని ఎందుకు పీకాలో నాకు అర్థం కాలేదు. ఏది బాగా వస్తుందో ముందే ఎలా తెలుస్తుంది? ఉంచినదే చచ్చిపోతే? మళ్ళీ విత్తనాలు అమ్ముకోవడానికి ఎత్తు వేశాడనుకుని వచ్చేశాను.

ఇక ఇంటి సంగతి. మా ఆయన తెల్లవారుజామున బేకరీకి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితపు సంచి ఉంటుంది. ట్రేల మీంచి తీసేటప్పుడు విరిగిన బిస్కెట్లు, అంచులు మాడినవి పనివాళ్ళు పంచుకుంటారు. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆ సంచి రాని రోజు లేదు. వంటింటి గూట్లో పెడతాడు, మర్నాటికి ఖాళీ అవుతుంది, మళ్ళీ తెస్తాడు. నా ఆపరేషను తర్వాత కూడా తెచ్చాడు. నేను తినకూడదని అతనికి తెలుసు. వాళ్ళమ్మ కోసం తెస్తున్నాడనుకున్నాను. వాళ్ళమ్మ, కొడుకు సాయంత్రం టీతో తింటాడని అనుకుంది. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

నేను తినేదాన్ని. ఆ సంచిలోంచి పిడికెడు తీసి మిషను సొరుగులో, దారపు కండెల పక్కన పెట్టుకునేదాన్ని. మొదట ఆకలికి కాదు, కోపానికి తిన్నాను. నాలుగు చెంచాల కూర తింటే రొమ్ము కింద రాయి పెట్టినట్టు గంటసేపు కూర్చోలేక నిలబడలేక అవస్థ. టీలో ముంచిన బిస్కెట్టు అలా కాదు, గొంతు దిగిందీ తెలియదు, కడుపులో పడిందీ తెలియదు. ఒకటి రెండయింది, రెండు ఆరయ్యాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. లెక్కపెట్టకపోతే తిన్నట్టు కాదని ఎక్కడో అనుకుని ఉంటాను. గ్రాముల పిల్ల అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను. నిజంగానే కడుపు కోయించుకున్నదాన్ని, ఆ సామెతకి నాకంటే తగిన మనిషి లేదు.

అందుకే మా ఆయన సంచితో గుమ్మం ఎక్కుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకు తెస్తావని అడిగితే నా గుట్టు బయటపడుతుంది, దొంగకు తేలు కుట్టినట్టే. అడగకపోతే మర్నాడు మళ్ళీ తెస్తాడు. మధ్యలో చెప్పులు సరిగ్గా విప్పలేదని, చొక్కాకి పిండి దులుపుకోలేదని అరిచేదాన్ని. ఒకరోజు నా గుడ్డ కత్తెరతో టమాటా మొక్కలకి పురికొస ముక్క కత్తిరించాడు. కుట్టుపనివాళ్ళ ఇంట్లో గుడ్డ కత్తెర గుడ్డనే ముట్టాలి. వేరేది కోస్తే పదును పోతుంది. దానికి వారం రోజులు మాట్లాడలేదు. అతను అదీ గమనించలేదేమో.

రెండు నెలలు గడిచాయి. నీళ్ళు పోశాను, టీ పొడి ఎండబెట్టి వేశాను, గుడ్డు పెంకులు నూరి కలిపాను. మొక్కలు పొడుగ్గా, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డాయి. క్యారెట్ పీకే రోజున అత్తగారిని కూడా మేడ మీదకి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళకి పొరలు, మనిషి నీడగా కనపడుతుంది. పని మానేసి నాలుగేళ్ళయినా వేళ్ళు మాత్రం ఇప్పటికీ గుడ్డ నాణ్యం చెబుతాయి. డబ్బాలోంచి గుప్పెడు పీకి ఆవిడ అరచేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమి, “దారాలా?” అంది.

దారాలే. డబ్బా మొత్తం పీకితే చెంచాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ చెంచాడు క్యారెట్టూ కాగితంలో చుట్టుకుని తిన్నగా నర్సరీకి వెళ్ళి పెద్దాయన బల్ల మీద పరిచాను. నాసిరకం విత్తనాలు అంటగట్టావన్నాను. ఇంకా చాలా అన్నాను. వయసుకి కూడా విలువ ఇవ్వలేదు. ఆయన చేతిలో కుండీ కింద పెట్టి, ఒక్కో దారాన్నీ ఎత్తి చూశాడు.

“విత్తనం మంచిది కాబట్టే అన్నీ మొలిచాయమ్మా. అన్నీ ఉన్నాయి కాబట్టే ఏదీ పెరగలేదు.”

ఆడలేక మద్దెల ఓడు అన్నాననైనా ఆయన అనలేదు. అనుంటే ఇంకో రెండు మాటలు తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని. అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాను, ఆ రోజే తూకం. తొంభై అయిదున్నర. గ్రాముల పిల్ల ఇంకా రాలేదన్నారు. ఆమె వచ్చేదాకా కూర్చునే ధైర్యం లేక, మెట్ల మీదుగా దిగి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్క సీటులో ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ జరిగి చోటిచ్చింది. అంత చోటు నాకు అక్కర్లేదని అప్పుడు గమనించలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం. కొన్నాళ్ళుగా నా రెండు పక్కలా పక్కటెముకల దగ్గర ఒరుసుకుపోయి, ఎర్రగా దద్దుర్లు లేచి మంటపెడుతున్నాయి. సబ్బు మార్చాను, నీళ్ళు మార్చాను, తగ్గలేదు. కొబ్బరినూనె రాస్తానని అత్తగారు పిలిచింది. నీలం గౌను తలమీంచి తీసి మంచం మీద పడేసి, వీపు తిప్పి కూర్చున్నాను. ఆవిడ నూనె రాసింది. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ కోసం తడుముతుంటే నా గౌను చేతికి తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ గౌను నూట పద్దెనిమిది కిలోలప్పుడు కుట్టుకున్నది. తగ్గినప్పుడల్లా లోపలికి ఇంకో వరస కుట్టు వేసుకుంటూ వచ్చాను. పాత కుట్టు విప్పలేదు, మిగిలిన గుడ్డ కోయలేదు. అలా నాలుగు వరసలయ్యాయి. రెండువైపులా జానెడేసి గుడ్డ మడతపడి, లోపల తాడులా నన్ను ఒరుసుకుంటోంది. గిరాకీవాళ్ళ బట్టకి అలా చేసుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకునేదాన్ని. సబ్బుదేం తప్పు లేదు.

అత్తగారు ఒక్కో వరసనీ గోటితో గీరుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“ఎవరికోసం దాచావే ఇదంతా?” అంది.

“ఉంటే మంచిదని.”

“ఆవిడ తిరిగొస్తుందనేగా.”

ఎవరని నేను అడగలేదు. ఆ పాత కొలతల మనిషిని ఇద్దరం ఎరుగుదుం. నాకు తిట్టించుకోవాలని ఉంది. తిడితే తిరగబడొచ్చు. ఆవిడ గౌను మడిచి నా ఒళ్ళో పెట్టి, నూనె సీసాకి మూత బిగించింది.

“మిషను సొరుగులో చీమలు పట్టినట్టున్నాయి. ప్రొద్దున దారం కోసం చెయ్యి పెడితే కుట్టాయి. దులుపుకో.”

అంతే అంది. గోడకి చెయ్యి ఆనించుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సొరుగులో దారం కోసం చెయ్యి పెట్టాల్సిన పని ఆవిడకి నాలుగేళ్ళుగా లేదు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఆ తర్వాత కోపం వచ్చింది, ఈసారి సరైన మనిషి మీద.

సొరుగు బయటికి లాగి పెరట్లో దులిపాను. పొడి, ముక్కలు, చీమల వరస. తర్వాత గౌను టేబులు మీద పరిచి, సుద్దతో గీసి, గుడ్డ కత్తెర తీశాను. నాలుగో కుట్టుకి వేలెడు దూరంలో కోసుకుంటూ పోయాను. ఆపరేషను రోజున ఇంత భయపడలేదు. అప్పుడు మత్తిచ్చారు. రెండు పొడుగాటి పీలికలు టేబులు కింద పడ్డాయి. ఆ గౌను ఇక ఎన్నటికీ వదులు కాదు.

అదే కత్తెర పట్టుకుని మేడ ఎక్కాను. టమాటా డబ్బాలో ఎనిమిది మొక్కలు ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఉన్నాయి. ఏది ఉంచాలో చూసుకుని మిగిలిన ఏడింటినీ మట్టి దగ్గర కోసేశాను. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. పాలకూర కోశాను, ముల్లంగి కోశాను, రెండో డబ్బా క్యారెట్టులో నాలుగు వేళ్ళ ఎడానికొకటి చొప్పున మిగిల్చాను. ఒక్కో మొక్కా కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మా ఆయన పనినుంచి వచ్చి, నన్ను వెతుక్కుంటూ మేడ మీదకి వచ్చాడు. చేతిలో సంచి ఉంది. నా చేతిలో కత్తెరని, దానికి అంటిన మట్టిని చూశాడు. పురికొస ముక్క సంగతి గుర్తొచ్చిందేమో, ఒక అడుగు వెనక్కి వేశాడు. అంటే ఆ వారం గమనించే ఉన్నాడు.

“ఆ సంచి తినేది నేనే,” అన్నాను.

అతను సంచి వైపు చూసుకున్నాడు. “అమ్మ తింటోందనుకున్నా.”

“కాదు.”

“ముందే చెప్పొచ్చుగా,” అన్నాడు, కోపం లేకుండా. అదే నాకు కోపం తెప్పించింది. ముందే చెప్పగలిగితే ఇన్ని డబ్బాలు ఎందుకు, ఇంత మట్టి ఎందుకు అని అరిచాను. ఆ అరుపు పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడకి కూడా వినపడింది. అతను సంచి చంకన పెట్టుకుని దిగిపోయాడు. ఆ మర్నాడు ఖాళీ చేతులతో వచ్చాడు. తన వాటా పక్కవాడికి ఇచ్చేశానని, గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెప్పాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక చాలారోజులు జేబుల్లో పెట్టుకుని వచ్చేవాడు.

గ్రాముల పిల్లకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. తల వంచుకుని, గబగబా, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాగితం ముందుకి లాక్కుని, “ఒక్కో బిస్కెట్టు ఎన్ని గ్రాములుంటుంది ఆంటీ?” అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మెత్తబడిన తీపి ఇలాగే జారిపోతుందని, ఆగిపోయినవాళ్ళలో చాలామంది సంగతి ఇదేనని, కానీ చెప్పరని అంది. ముందు గుడ్డు, పప్పు, తర్వాత కూర, అదీ మెత్తగా మెదిపి, చెంచాకీ చెంచాకీ మధ్య ఆగి తినమని రాసిచ్చింది. రాయిలా కూర్చునేది కూర వల్ల కాదు, నేను మింగే తొందర వల్లనట.

అంతా చక్కబడిందని చెప్పను. బిస్కెట్టు మానిన మొదటి పదిరోజులూ నేను మనిషిని కాను, ఎవరు పలకరించినా కరిచేటట్టున్నాను. రెండో విడత క్యారెట్టులో పదకొండు మాత్రమే వేలంత లావు తేలాయి. పాలకూరకి పురుగు పట్టింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదని విసుక్కుంటూనే, ఆ క్యారెట్లలో తొమ్మిదింటిని మెత్తగా ఉడికించి, రోజుకి మూడు చెంచాల చొప్పున తిన్నాను. మిగిలిన రెండూ నర్సరీ పెద్దాయనకి పట్టుకెళ్ళాను. క్షమించమని అడగడం రాక, “ఇవిగో,” అన్నాను. ఆయన చొక్కాకి తుడుచుకుని ఒకటి అక్కడే కొరికాడు. చలి తగ్గే వేళకి మిషను తొంభై రెండు చూపించింది. దానికి వేరే అంకెలూ వచ్చు.

ఆ రోజు మేడ మీదకి వెళ్ళేసరికి అత్తగారు టమాటా డబ్బాల దగ్గర పీట వేసుకుని కూర్చుంది. మా ఆయన పాతిచ్చిన కర్రలకి మొక్కల్ని కడుతోంది. చేతిలో నీలం పీలికలు. టేబులు కింద పడినవి తీసి, చీల్చి దాచిందన్నమాట. ఆవిడ ఒక డబ్బా కడితే నేను రెండోది కట్టాను. గాలికి పడిపోకుండా, నా పని తీరున, బిగించి ముడి వేశాను.

అత్తగారు వేళ్ళతో నా ముడి తడిమింది.

“విప్పు. అంత బిగిస్తే కాండానికి కోసుకుపోతుంది. అది ఇంకా లావెక్కాలి.”

ఈ ఇంట్లో లావెక్కే హక్కు ఇక దానికే మిగిలిందని విసుక్కున్నాను. ఆవిడ నవ్వింది. నేను ముడి విప్పి, చిటికెనవేలు పట్టేంత సందు వదిలి, మళ్ళీ కట్టాను.